పద్నాలుగేళ్లకే బడి మానేసి.. పదాల పుట్టుక తేల్చిన జేమ్స్ ముర్రే

బ్యాంకు పరీక్ష కావొచ్చు, ఎస్‌ఎస్‌సీ కావొచ్చు. ఇంగ్లిష్ పేపర్లో తికమక పెట్టే జంట పదాల ప్రశ్న ఒకటైనా ఎదురవుతుంది. ప్రిన్సిపల్ అనే మాటను చివర ‘ఏఎల్‌’తో రాయాలా, ‘ఎల్ఈ’తో రాయాలా? కాంప్లిమెంట్‌కు నడుమ ‘ఐ’ వస్తుందా, ‘ఈ’ వస్తుందా? చాలామంది ఈ జాబితాలను బట్టీ పడతారు. తీరా పరీక్ష హాల్లో కూర్చున్నాక రెండూ ఒకేలా కనిపిస్తాయి. అదే ఆ మాట ఎక్కడ పుట్టింది, ఏ దారిన ఇంగ్లిష్‌లోకి వచ్చింది, ఎప్పుడు అర్థం మార్చుకుంది అన్నది తెలిసిందనుకోండి, బట్టీ పట్టాల్సిన పని చాలావరకు తప్పుతుంది.

ఈ వివరాలు ఇవాళ మనకు నిఘంటువు తెరవగానే దొరుకుతున్నాయంటే దాని వెనక ఒక మనిషి ముప్పై ఆరేళ్ల శ్రమ ఉంది. ఆయనే ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీకి ఓ రూపం తెచ్చిన సంపాదకుడు సర్ జేమ్స్ ముర్రే. పుట్టింది దర్జీ ఇంట్లో. బడి చదువు పద్నాలుగేళ్లకే ఆగిపోయింది. కొన్నాళ్లు బ్యాంకు గుమాస్తాగానూ పనిచేశారు.

బడి ఆగినా చదువు ఆగలేదు

ముర్రే 1837 ఫిబ్రవరి 7న స్కాట్లాండ్‌లోని హాయిక్ పట్టణానికి దగ్గర్లో ఉన్న డెన్‌హోమ్ అనే పల్లెలో పుట్టారు. ఇంటికి పెద్ద కొడుకు. ఫీజులు కట్టే స్తోమత తల్లిదండ్రులకు లేక పద్నాలుగేళ్లకు బడి మానాల్సి వచ్చింది. అయినా చేతికి దొరికిన పుస్తకమల్లా చదివేవారు. పదిహేనేళ్లు వచ్చేసరికి లాటిన్, గ్రీకు, ఫ్రెంచ్, జర్మన్, ఇటాలియన్ భాషలతో పరిచయం ఏర్పడింది. రాళ్లు, మొక్కలు, పాత శిథిలాలు.. ఏది కనిపించినా దాని సంగతేంటో తేలేదాకా వదిలేవారు కాదు. పశువులు కాసే రోజుల్లో ఆవులకు లాటిన్ పిలుపులు నేర్పబోయారని ఒక సరదా కథ కూడా ఉంది.

అప్పట్లో హాయిక్ చుట్టుపక్కల జేమ్స్ ముర్రేలు చాలామంది ఉండేవారు. ఒకరి ఉత్తరం ఇంకొకరికి పోయే పరిస్థితి. దాంతో తన పేరు మధ్యలో అగస్టస్, హెన్రీ అనే రెండు పేర్లు తానే చేర్చుకున్నారు. ఒకేలా ఉన్నవాటిని విడదీసి చూపించడమనే పని ఆయన తన పేరుతోనే మొదలుపెట్టారన్నమాట.

పదిహేడేళ్లకు హాయిక్‌లోని ఓ బడిలో సహాయ ఉపాధ్యాయుడిగా చేరారు. ఇరవై ఏళ్లకే మరో బడికి ప్రధానోపాధ్యాయుడయ్యారు. ఇక జీవితం కుదురుకున్నట్టే అనుకునే సమయంలో దెబ్బ మీద దెబ్బ తగిలింది.

భార్య ప్రాణం కోసం లండన్‌కు

1862లో సంగీతం టీచరు మ్యాగీ స్కాట్‌ను పెళ్లి చేసుకున్నారు. పాప పుట్టింది, పసితనంలోనే క్షయతో పోయింది. మ్యాగీకీ జబ్బు చేసింది. స్కాట్లాండ్ చలి ఆమెకు పడదని, చలి తక్కువున్న చోటికి వెళ్లాలని డాక్టర్లు చెప్పారు. ఇటలీ లాంటి దేశాలకు వెళ్లే డబ్బు ఎక్కడిది? ప్రధానోపాధ్యాయుడి ఉద్యోగం వదులుకుని 1864లో లండన్ చేరారు. అక్కడ దొరికింది గుమాస్తా ఉద్యోగం. చార్టర్డ్ బ్యాంక్ ఆఫ్ ఇండియా, ఆస్ట్రేలియా అండ్ చైనాలో విదేశీ ఉత్తరప్రత్యుత్తరాల పని. ఇప్పటి స్టాండర్డ్ చార్టర్డ్ బ్యాంకు పూర్వీకుల్లో ఇదొకటి. ఇంత చేసినా మ్యాగీ దక్కలేదు. ఏడాది తిరక్కుండానే కన్నుమూసింది.

పగలంతా బ్యాంకు ఉత్తరాలు, రాత్రిళ్లు భాషలు. ఆ రోజులు ఆయన అలాగే నెట్టుకొచ్చారు. 1866లో బ్రిటిష్ మ్యూజియంలో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టారు. అందులో తనకు తెలిసిన భాషలను ఒక్కొక్కటిగా, ఎంతవరకు వచ్చో కూడా చెబుతూ రాశారు. ఇటాలియన్, ఫ్రెంచ్, స్పానిష్, లాటిన్ బాగా వచ్చని, డచ్, జర్మన్, డేనిష్ తెలుసని, రష్యన్, పారశీకం, సంస్కృతం, హీబ్రూ లాంటివాటితోనూ పరిచయం ఉందని అందులో ఉంది. ఈ పాతిక దాకా భాషల జాబితా చూసి కూడా మ్యూజియం వాళ్లు ఉద్యోగం ఇవ్వలేదు!

మరుసటి ఏడాది అడా రూత్వెన్‌తో రెండో పెళ్లయింది. వాళ్లకు పదకొండు మంది పిల్లలు. 1870లో లండన్ శివార్లలోని మిల్ హిల్ స్కూల్లో టీచరుగా చేరారు. దక్షిణ స్కాట్లాండ్ మాండలికం మీద 1873లో ఆయన వేసిన పుస్తకం పండితుల దృష్టిలో పడింది. లండన్ విశ్వవిద్యాలయం డిగ్రీ చేతికొచ్చింది కూడా అదే ఏడాది. అప్పటికి ఆయనకు ముప్పై ఆరేళ్లు.

పెద్దలు వదిలేసిన పని

ఉన్న నిఘంటువులు చాలవు, ఇంగ్లిష్‌లోని ప్రతి మాటకూ పుట్టినప్పటి నుంచీ చరిత్ర రాయాలి అని లండన్‌లోని ఫిలలాజికల్ సొసైటీ 1858లోనే తీర్మానించింది. మొదటి సంపాదకుడు హెర్బర్ట్ కోల్‌రిడ్జ్ 1861లో ముప్పై ఏళ్ల వయసులోనే చనిపోయారు. తర్వాత వచ్చిన ఫర్నివాల్‌కు ఉత్సాహం ఎక్కువే గానీ కుదురు తక్కువ. పని ఇరవై ఏళ్లు నలిగి మూలపడింది. చివరికి 1879 మార్చి 1న ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్‌తో ఒప్పందం కుదిరి ఆ బరువు ముర్రే భుజాల మీద పడింది. పదేళ్ల గడువు, నాలుగు సంపుటాలు, ఏడు వేల పేజీలు.. ఇదీ అంచనా.

పాత సరుకు ముర్రే ఇంటికి వచ్చింది. రెండు టన్నుల బరువున్న కాగితం చీటీలు! ఒక సంచిలో చచ్చిన ఎలుక దొరికితే, మరో దాంట్లో చుంచెలుక పిల్లలతో సహా కాపురం పెట్టింది. ‘హెచ్’ అక్షరం చీటీలు ఇటలీలోని ఫ్లారెన్స్‌లో తేలాయి. ‘పీఏ’తో మొదలయ్యే మాటల చీటీలు ఐర్లాండ్‌లో ఓ గుర్రపుశాలలో కనిపించాయి. అప్పటికే వాటిలో కొన్ని పొయ్యి రాజేయడానికి వాడేశారు.

ఇనుప రేకుల గదిలో చీటీల లోకం

ముర్రే స్కూలు ఆవరణలో ఇనుప రేకులతో ఒక గది కట్టించారు. దానికి స్క్రిప్టోరియం అని పేరు. లోపల గోడలకు చీటీలు పెట్టుకునే చిన్న చిన్న అరలు.. మొత్తం 1,029. పుస్తకాలు చదివి ఉదాహరణలు పంపండంటూ ప్రజలకు విజ్ఞప్తి చేశారు. బ్రిటన్, అమెరికా, వలస దేశాల నుంచి వందలాది మంది స్వచ్ఛందంగా ముందుకొచ్చారు. వారిలో టీచర్లు, మతగురువులు, గృహిణులు ఉన్నారు. హత్య కేసులో మానసిక చికిత్సాలయంలో బందీగా ఉన్న అమెరికా సైనిక వైద్యుడు విలియం మైనర్ కూడా ఏళ్ల తరబడి అక్కడి నుంచే వేలకొద్దీ చీటీలు పంపారు.

చీటీలో రాయాల్సింది కొంచెమే. ఎడమవైపు పైన మాట. కింద పుస్తకం పేరు, రచయిత, సంవత్సరం, ఆ మాట వచ్చిన వాక్యం. అంతే. కానీ ఇక్కడే ముర్రేకు ఒక చిక్కు ఎదురైంది. చదివేవాళ్లు వింత మాటలనే ఏరి పంపుతున్నారు, మామూలు మాటలను పట్టించుకోవడం లేదు. ఎవరూ వాడని ‘అబ్యూజన్’కు దాదాపు యాభై చీటీలు వస్తే, అందరూ వాడే ‘అబ్యూజ్’కు అయిదు కూడా రాలేదు. అందుకే మామూలు మాటలకూ ఉదాహరణలు పంపమని ఆయన ప్రత్యేకంగా కోరాల్సి వచ్చింది. పోటీ పరీక్షకు చదివేవాళ్లకు ఇందులో గమనించాల్సిన సంగతి ఉంది. మనల్ని దెబ్బతీసేది ఎప్పుడూ వినని కఠిన పదం కాదు, తెలుసనుకున్న మామూలు పదమే.

చీటీలన్నీ చేరాక అసలు పని మొదలయ్యేది. ఒక మాటకు వచ్చిన చీటీలను సంవత్సరాల వారీగా పేర్చాలి. వాక్యాలన్నీ చదివి, ఒకే అర్థం ఉన్నవాటిని ఒక కుప్పగా వేయాలి. ఏ అర్థం ముందు పుట్టింది, దాని నుంచి ఏది చీలింది అని తేల్చాలి. ఆ తర్వాతే నిర్వచనం. అంటే ముర్రే ముందుగా అర్థం రాసి దానికి ఉదాహరణ వెతకలేదు. ఉదాహరణలన్నీ ముందేసుకుని వాటి నుంచి అర్థం రాబట్టారు. ఆయన పిల్లలు కూడా చిన్న చిల్లర తీసుకుని చీటీలను అక్షర క్రమంలో పేర్చేవారు. పెద్దయ్యాక ఎల్సీ, రోస్‌ఫ్రిత్ అనే ఇద్దరు కూతుళ్లు ఆ సిబ్బందిలోనే చేరారు.

జంట పదాల జాతకాలు

ఈ పద్ధతి వల్ల తికమక జంటల గుట్టు బయటపడింది. ముర్రే స్వయంగా చూసిన అక్షరాలు ఏ నుంచి డీ వరకు, హెచ్ నుంచి కే వరకు, ఓ, పీ, ఇంకా టీలో చాలా భాగం. మనం తరచూ తడబడే జంటలు వీటిలో బోలెడు.

కౌన్సిల్, కౌన్సెల్: మున్సిపల్ కౌన్సిల్ అంటే సభ. లాటిన్‌లో కొన్‌కిలియుమ్ అంటే పిలిచి కూర్చోబెట్టిన సమావేశం. రెండోది కొన్‌సిలియుమ్ నుంచి వచ్చింది, అంటే సలహా. ఇంజినీరింగ్ సీట్ల కౌన్సెలింగ్ దీని సంతానమే. ఇంగ్లిష్‌లో ఈ రెండూ కొన్ని వందల ఏళ్లు కలిసిపోయి తిరిగాయి. 16వ శతాబ్దం నుంచి మెల్లగా వేరుపడ్డాయి.

ప్రిన్సిపల్, ప్రిన్సిపుల్: ఇద్దరికీ తాత ఒకరే, ‘ప్రథముడు’ అనే అర్థమున్న ప్రింకెప్స్. ‘ఏఎల్‌’తో ముగిసేది ముఖ్యమైన మనిషి, ముఖ్యమైన వస్తువు. కాలేజీ ప్రిన్సిపాల్ అయినా, అప్పులో అసలైనా ఇదే మాట. ‘ఎల్ఈ’తో ముగిసేది ప్రింకిపియుమ్ నుంచి వచ్చింది. మొదలు, పునాది అని అర్థం. అందుకే సూత్రం, నియమం అయింది.

కాంప్లిమెంట్, కాంప్లెమెంట్: రెండూ నింపడం, పూర్తిచేయడం అనే ఒకే లాటిన్ మాట పిల్లలు. ‘ఈ’ ఉన్నది ఆ అర్థాన్నే నిలుపుకుంది. కంప్లీట్‌లోనూ ‘ఈ’ ఉంది కదా, అలా గుర్తుపెట్టుకోవచ్చు. ‘ఐ’ ఉన్నది ఇటలీ, ఫ్రాన్స్‌ల మీదుగా తిరిగొచ్చింది. అక్కడి మర్యాదల్లో, ఎదుటివారికి జరపాల్సిన మన్నన లోటు లేకుండా పూర్తిచేయడం అనే అర్థం తగిలించుకుని పొగడ్తగా మారింది.

డిస్క్రీట్ జంట: పలకడం ఒకటే, పుట్టిల్లు కూడా ఒకటే. విడదీసి చూడటం అనే లాటిన్ మాట. మంచిచెడులను విడదీసి చూడగలవాడు ఆచితూచి మసలుతాడు, గుట్టు కాపాడతాడు. అది ‘ఈ’లు రెండూ పక్కపక్కనే ఉన్న మాట. వస్తువులే విడివిడిగా ఉంటే రెండోది. గణితం చదివేవాళ్లకు డిస్క్రీట్ మ్యాథ్స్ తెలిసిందే. దాని స్పెల్లింగ్‌లో ‘టీ’ మధ్యలో దూరి రెండు ‘ఈ’లనూ విడదీస్తుంది.

ప్రిస్క్రైబ్, ప్రొస్క్రైబ్: మొదటిది ముందుగా రాసివ్వడం, డాక్టరు మందుల చీటీ లాగా. రెండోది బహిరంగంగా రాసి ప్రకటించడం. పాత రోమ్‌లో రాజ్యానికి శత్రువులైనవారి పేర్లు అలా రాసి పెట్టేవారు. ఆ జాబితాకెక్కితే ప్రాణానికీ ఆస్తికీ రక్షణ ఉండేది కాదు. అందుకే నిషేధించడం అనే అర్థం వచ్చింది. ఒక్క అక్షరం తేడాతో మందు కాస్తా నిషేధం అవుతుంది.

ఇక ‘ఎస్’ అక్షరం ముర్రే సహ సంపాదకుల వాటాకు వచ్చింది. అక్కడి జంట స్టేషనరీ. ఊళ్లు తిరుగుతూ పుస్తకాలు అమ్మేవారికి భిన్నంగా, ఒకేచోట కదలకుండా దుకాణం పెట్టుకున్నవాడు స్టేషనర్. అతను అమ్మే కాగితాలు, కలాలే ‘ఈఆర్‌వై’తో ముగిసే స్టేషనరీ. ‘ఏఆర్‌వై’తో ముగిసేది కదలకుండా ఉండటం.

మనకు తెలుగులోనూ ఇలాంటి బాధ లేకపోలేదు. ఆస్తి అని రాయాల్సిన చోట ‘థి’ పెట్టి రాసేవాళ్లు ఎందరో. ఉన్నది అనే అర్థమిచ్చే ‘అస్తి’ నుంచి ఆస్తి వచ్చిందని, ‘థి’ ఉన్న అస్థి ఎముక అని తెలిస్తే ఆ పొరపాటు మళ్లీ జరగదు.

పుట్టుక ఒక్కటే చాలదు

అలాగని మూలం తెలిస్తే అంతా తెలిసినట్టేనా? కాదు. చీటీలు ఇంకో సంగతి కూడా బయటపెట్టాయి. డిసిన్‌ట్రెస్టెడ్ అంటే స్వార్థం లేని, పక్షపాతం లేని అని, అనిన్‌ట్రెస్టెడ్ అంటే ఆసక్తి లేని అని ఇవాళ పుస్తకాలు చెబుతాయి. 17వ శతాబ్దపు వాక్యాలు తీస్తే కథ తిరగబడుతుంది. అప్పట్లో మొదటిది ఆసక్తి లేదనే అర్థంలోనూ, రెండోది పక్షపాతం లేదనే అర్థంలోనూ కనిపిస్తాయి. జనం వాడకమే వాటి స్థానాలు మార్చింది. కాబట్టి మూలం దారి చూపిస్తుంది, తీర్పు చెప్పేది మాత్రం వాడకమే. పరీక్షలో ఈనాటి అర్థమే రాయాలి.

ముర్రే బృందం చేతిలో పొరపాట్లూ జరిగాయి. ‘బాండ్‌మెయిడ్’ అనే మాట చీటీలు ఎక్కడో జారిపోవడంతో ఆ మాటే అచ్చులో రాలేదు. అపెండిసైటిస్ మరీ వైద్యుల మాట అని 1885 భాగంలో చేర్చలేదు. 1902లో ఏడో ఎడ్వర్డ్ రాజుకు అదే జబ్బు వచ్చి పట్టాభిషేకం వాయిదా పడింది. ఆ మాట అందరి నోళ్లలో నానింది, నిఘంటువులో మాత్రం లేదు!

అపెండిసైటిస్ జారిపోయిన ఆ భాగంలోనే మన తెలుగు మాట ఒకటి చోటు సంపాదించింది. అదే బ్యాండికూట్, అంటే మన పందికొక్కు. తర్వాత ఆస్ట్రేలియాలో, కడుపు సంచి ఉన్న ఇంకో జంతువుకూ ఇదే పేరు పెట్టేశారు. ఒకే మాట, రెండు జంతువులు. తికమకలు ఎలా పుడతాయో చెప్పడానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ మనకు అక్కర్లేదు.

గడువు దాటింది, పట్టు సడలలేదు

పదేళ్లన్న గడువులో అయిదేళ్లు గడిచాక, 1884లో తొలి భాగం వెలువడింది. 352 పేజీలు. చేరుకున్నది ‘ఏ’ నుంచి ‘యాంట్’ దాకా మాత్రమే. ప్రెస్ పెద్దలకు కంగారు పట్టుకుంది. త్వరగా తేల్చమన్నారు, పత్రికల నుంచి వాక్యాలు తీసుకోవద్దన్నారు. తర్వాతి ఏళ్లలో పేజీలు తగ్గించమన్నారు. ముర్రే ఒప్పుకోలేదు. ఇవాళ జనం ఒక మాటను ఎలా వాడుతున్నారో పత్రికల్లోనే కదా దొరికేది. ఒక దశలో రాజీనామాకూ సిద్ధపడ్డారు.

1885లో స్కూలు ఉద్యోగం మానేసి ఆక్స్‌ఫర్డ్‌కు మారారు. అక్కడి ఇంటి తోటలోనూ ఇనుప రేకుల గదే. చుట్టుపక్కల వారి చూపుకు అడ్డం కాకుండా దాన్ని కొంతమేర నేలలోకి దించి కట్టాల్సి వచ్చింది. లోపలంతా చెమ్మ, చలి. కాళ్లకు చలిగాలి తగలకుండా వాటిని ఒక పెట్టెలో పెట్టుకుని కూర్చునేవారు. వచ్చే ఉత్తరాలు, పోయే ఉత్తరాలు ఎన్నంటే, తపాలా శాఖ ఆయన ఇంటి ముందే ఒక పోస్టు డబ్బా పెట్టింది. తర్వాత హెన్రీ బ్రాడ్లీ, విలియం క్రెయిగీ, చార్లెస్ ఆనియన్స్ సంపాదకులుగా తోడయ్యారు.

1908లో సర్ బిరుదు దక్కింది. తన నిఘంటువుతో పేరు మోసిన ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ డాక్టరేట్ ఇచ్చింది మాత్రం 1914లో, చనిపోవడానికి ఏడాది ముందు.

ఎనభయ్యో పుట్టినరోజుకు, అంటే 1917కల్లా పని ముగించాలని ఆయన ఆశ. అది తీరలేదు. ‘టీ’ అక్షరం మీద పనిచేస్తుండగా 1915 జులై 26న కన్నుమూశారు. మిగిలిన పనిని సహచరులు 1928లో పూర్తిచేశారు. మొత్తం 4,14,825 మాటలు, 18 లక్షలకు పైగా ఉదాహరణ వాక్యాలు. అందులో దాదాపు సగం పేజీలు ముర్రే ఒక్కరి సంపాదకత్వంలో తయారైనవే.

మీ చీటీలు మీరే రాసుకోండి

తికమక జంటల మీద పట్టు కావాలంటే ముర్రే పద్ధతి ఇప్పటికీ పనికొస్తుంది. ఖర్చు కూడా లేదు. ఒక మాటకు ఒక చీటీ. పైన స్పెల్లింగ్, కింద ఒక ముక్కలో మూలం. ఆ కింద మీరు పేపర్లోనో పుస్తకంలోనో నిజంగా చూసిన వాక్యం, తేదీతో సహా. సొంతంగా అల్లిన వాక్యం వద్దు, తప్పుంటే అదే మనసులో పాతుకుపోతుంది. దాని జంట పదానికి ఇంకో చీటీ రాసి రెండూ పక్కపక్కనే ఉంచండి. వారానికోసారి అర్థం మూసేసి, వాక్యం మాత్రమే చదివి అర్థం మీరే చెప్పండి. అరుదైన మాటల వెంట పడకుండా, రోజూ వాడుతూ తడబడే మాటలతో మొదలుపెట్టండి.

రోజుకు ఒక జంట చొప్పున రాసినా మూడు నెలల్లో తొంభై జంటలు మీ చేతిలో ఉంటాయి. ఇరవై తొమ్మిదేళ్ల వయసులో బ్యాంకు గుమాస్తాగా ఉంటూ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టి కాదనిపించుకున్న ముర్రే, ఆ తర్వాత ఇంగ్లిష్ భాష మొత్తాన్నీ అరల్లో సర్దింది ఇలా ఒక్కో చీటీతోనే.